శనివారం మజూరి

1985 ఫిబ్రవరి 4, సోమవారం, ధర్మవరం

ఈ డైరీ జరీ కంపెనీ వాళ్ళు నాయనకు పంపింది. దీపావళి నుంచి నాయనకు కుడి చెయ్యి లేవదు, మాట తిరగదు. అందుకని నేను తీసుకున్నాను. ఎవరినీ అడగలేదు.

ఈరోజు బ్యాంకుకు పోయాను. ఏటా నాయన పోతే పాత మేనేజరు టీ తెప్పించి, మన అప్పు లిమిట్ ఇంకో ఏడాదికి పొడిగించి పంపేవాడు. పట్టు, జరీ కొనడానికీ, నేతగాళ్ళకు మజూరి ఇవ్వడానికీ ఆ డబ్బే ఆధారం. ఇప్పుడున్నాయన కొత్తవాడు. పోయినేటి లెక్కలన్నీ సంచిలో మోసుకుపోతే సంచి వైపు కూడా చూడలేదు. "ఇవి అయిపోయినవి. ఏప్రిల్ నుంచి నెల నెలా ఎంత వస్తుంది, ఎంత పోతుంది, ముందే రాసి బడ్జెట్టు ఇవ్వండి. లేకపోతే లిమిట్ లేదు" అన్నాడు. ఇంట్లో మగవాళ్ళు ఎవరూ లేరా అని కూడా అడిగాడు. ఉన్నారు, వాళ్ళతోనే వచ్చింది తంటా అని నోటిదాకా వచ్చింది.

ఉన్న మగవాడు చిన్నాయన పుల్లన్న. ఆయన ఇరవై మగ్గాలు పక్క వీధిలో ఉన్నాయి. మా పన్నెండు మగ్గాల షెడ్డు ఉన్న స్థలం అన్నదమ్ములిద్దరిదీ. నాయన పడిపోయిన వారానికే పెద్దమనుషులను కూర్చోబెట్టి మాట తీసుకున్నాడు. "ఒక్క శనివారం మజూరి తప్పినా మగ్గాలు నా కిందికి రావల్ల. మా అన్న పేరు నేతగాళ్ళ నోట్లో పడితే నేను చూడలేను" అన్నాడు. అన్న పేరు మీద ఎంత ప్రేమో. అన్న మగ్గాల మీద దానికి రెండింతలు.

పడనివ్వను. ఒక్క శనివారం కూడా తప్పనివ్వను. ఆ బడ్జెట్టు అనేదేదో నేర్చుకుంటాను.

గోరంట్ల గురించి ఈ డైరీలో రాయను.

ఫిబ్రవరి 9, శనివారం

మజూరి ఇచ్చేశాం.

ఫిబ్రవరి 16, శనివారం

బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరు యేసన్న గారని ఉన్నారు. గుత్తి వైపు మనిషి. సగం పూట బ్యాంకు అయిపోయాక నాకు ఒక గంట చెప్తానన్నారు. వారమంతా కూర్చుని రాసింది తీసుకెళ్ళి ముందు పెట్టాను. పన్నెండు నెలలు, పన్నెండు గడులు, కింద లాభం. ఆయన కింది వరస మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా జరిపారు.

"ఏమ్మా, నెల నెలా వెయ్యి రూపాయల లాభమేనా? మీ ఇంటి మీద వాన కూడా నెల నెలా పడతాందా?"

నాకు మండింది. మా ఇంట్లో నష్టం అనే మాట ఎవరూ అనరు సార్ అన్నాను. అది నిజమే. నాయన చీరలు ఎంచేటప్పుడు మొదటి చీరను ఒకటి అనడు, లాభం అంటాడు. లాభం, రెండు, మూడు. చేతిలో పైసా లేనప్పుడు పెట్టె నిండుకుంది అంటాడు.

"పెట్టె నిండుకుందని రాస్తే మా హెడ్డాఫీసోళ్ళు మీకు దుడ్లు ఎక్కువైనాయనుకుంటారు" అన్నారు యేసన్న గారు. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. "అయిపోయింది రాసేది లెక్కమ్మా. కాబోయేది రాసేది బడ్జెట్టు. లెక్కలో తప్పుంటే దిద్దుకోవచ్చు. దీంట్లో అబద్ధముంటే శనివారం పూట తెలుస్తాది" అన్నారు.

ఆ శనివారం అన్న మాట ఆయన ఊరికే అన్నారు. ఆయనకు చిన్నాయన సంగతి తెలియదు. నాకు మాత్రం గుచ్చుకుంది.

ఫిబ్రవరి 21

ఆషాఢం గడిలో నష్టం అని రాశాను. పెళ్ళిళ్ళు ఉండవు, చీరలు పోవు, అయినా మజూరి ఇవ్వాలి. రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. ఏమీ కాలేదు. పైకప్పు మీద పడలేదు.

ఫిబ్రవరి 27

ఈరోజు నీళ్ళ గొడవ. చెరువు ఎండి రెండేళ్ళు. పట్టుకు రంగు వేయడానికి డ్రమ్ములు డ్రమ్ములు కొంటున్నాం. నాయన దాన్ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. నీళ్ళకు డబ్బు పుచ్చుకోవడమే పాపం అనుకునే తరం, అందుకని జేబులోంచి ఇచ్చి మరిచిపోయేవాడు. నేను నీళ్ళు అని విడిగా ఒక వరస గీశాను. మా పెద్ద నేతగాడు కుళ్ళాయప్ప, నా చిన్నప్పటి నుంచి మొదటి మగ్గం మీద ఉన్న మనిషి, తొంగి చూశాడు.

"నీళ్ళకూ లెక్కేనా పాపా? అట్లైతే గాలిక్కూడా రాయి."

"గాలికి దుడ్లు అడిగిన రోజు దానికీ రాస్తాలే" అన్నాను.

కూడి చూస్తే ఏడాదికి నీళ్ళ ఖర్చు ఒక మగ్గం సంపాదనంత ఉంది. ఇన్నాళ్ళూ మా పన్నెండు మగ్గాల్లో ఒకటి నీళ్ళ కోసమే ఆడిందన్నమాట.

యేసన్న గారు ఇంకో వరస కూడా రాయించారు. రావలసిన డబ్బు రాకపోతే అని దాని పేరు. ఎందుకు రాదు, మాది ముప్పై ఏళ్ళ వ్యాపారం అన్నాను. "ముప్పై ఏళ్ళ వ్యాపారమైతే రాని బాకీలు ఎన్నో నీకే తెలిసుండాల" అన్నారు. రాశాను. వాదించి, ఆయన చెప్పిన దాంట్లో సగం రాశాను.

మార్చి 5

బడ్జెట్టు పూర్తయింది. నాయన ముందు కూర్చుని చదివాను. వ్యాపారం ఆయన పేరు మీదే ఉంది, ఆయన వేలిముద్ర లేనిదే చెల్లదు.

నెల నెలా చదివాను. ఏప్రిల్, మే, జూన్. మంచం మీద దిండుకు ఆనుకుని విన్నాడు. జూలై, ఆషాఢం, నష్టం అని గట్టిగా చదివాను. నాకేం భయమన్నట్టు ఇంకా గట్టిగా. ఆగస్టు, అరవై చీరలు అని మొదలుపెట్టానో లేదో ఎడమ చేత్తో కాగితాన్ని ఒక్కటి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. కంచం కింద పడింది. కళ్ళు ఎర్రగా చేసుకుని ఏదో అనబోయాడు, రాలేదు.

నేను లేచి వచ్చేశాను. నా నోటి నుంచి నష్టం అనే మాట వినలేకపోయాడు. కొడుకు రాసి ఉంటే విని ఉండేవాడు. సాయంత్రం వేలికి సిరా పూస్తే ముఖం గోడకు తిప్పుకుని ముద్ర వేశాడు.

నాకేం బాధ లేదు.

మార్చి 6

బ్యాంకులో ఇచ్చేశాను. నాకేం బాధ లేదు.

మార్చి 18

మేనేజరు స్వయంగా కుర్చీ చూపించాడు. బడ్జెట్టు చాలా బాగుంది, డెబ్బై అయిదు వేలకు సిఫారసు చేస్తున్నాను అన్నాడు. ఆగస్టు అమ్మకాలే ఆయనకు బాగా నచ్చాయట. పోయినేడు ఆగస్టులో నిజంగానే అరవై పోయాయి సార్, లెక్కలు చూసే రాశాను అన్నాను. మగవాళ్ళు లేరా అని ఈసారి అడగలేదు.

వీధిలో తల ఎత్తుకుని నడిచాను. చిన్నాయన ఎదురొచ్చి, "లిమిట్ వస్తాందంట కదా" అన్నాడు. వస్తాంది అన్నాను. అంతకు మించి ఒక్క మాట కూడా ఆయనకు దక్కనివ్వలేదు.

గోరంట్ల నుంచి అత్తగారి వైపువాళ్ళు ఎవరో వచ్చి కూర్చున్నారు. నేను షెడ్డులోనే ఉండిపోయాను.

మార్చి 22, ఉగాది

చేనేత సంఘం ఆఫీసులో పంచాంగం చదివారు. నేను ఆడవాళ్ళ వైపు కూర్చుని పచ్చడి తింటూ సగం వింటున్నాను. ఆదాయ వ్యయాలు, రాశి ఫలాలు, వానలు, అన్నీ అయ్యాయి. ఈ ఏడు శ్రావణం అధికమాసం అన్నాడు పంతులు.

పచ్చడి గిన్నె కింద పెట్టేశాను.

అధిక శ్రావణంలో పెళ్ళిళ్ళు చేయరు. ఆషాఢం పోగానే ఇంకో శూన్యపు నెల. అసలు శ్రావణం ఆగస్టు సగం దాటాక గానీ రాదు. నేను పోయినేటి ఆగస్టును ఈ ఏటి ఆగస్టులోకి ఎక్కించాను. ఇంగ్లీషు నెలల గడులు గీసుకుని, ఆ గడుల్లో ముహూర్తాలు కూడా కదలకుండా కూర్చుంటాయనుకున్నాను. పట్టుచీరల ఇంట్లో పుట్టి, పంచాంగం తిరగేయకుండా బడ్జెట్టు రాసిన మొనగత్తెను నేను.

అది ఒక సంగతి. రెండోది రాయడానికే చెయ్యి రావడం లేదు. నాయన జూలై నష్టాన్ని కదలకుండా విన్నాడు. కొట్టింది ఆగస్టు మీద. రెండుసార్లూ ఆగస్టు మీదే కొట్టాడు. ఆయన వద్దన్నది నష్టాన్ని కాదు, లేని లాభాన్ని. నేను రోషంతో లేచి వచ్చేశాను. ఒక్క నిమిషం కూర్చుని ఉంటే వేలు పెట్టి చూపించేవాడేమో.

నాకు బాధ లేదని రాసిందంతా అబద్ధం.

మార్చి 23, శనివారం

మజూరి ఇచ్చాం. నాయనతో చెప్పాను, తప్పు నాదేనని. ఆయన పంచాంగం తెప్పించుకుని దిండు కింద పెట్టుకున్నాడు. నన్ను చూసి ఒక పక్క మూతితో నవ్వాడు. ఇంతవరకు ఒకరి ముందు ఒకరం ఏడవలేదు, ఆ ముచ్చట కూడా తీరింది.

మార్చి 25, సోమవారం

బ్యాంకుకు పోయి నా బడ్జెట్టు నాకు ఇవ్వమన్నాను. యేసన్న గారు వసారాలోకి పిలుచుకుపోయారు.

"అట్లే ఉండనీమ్మా. హైదరాబాదులో కూర్చున్నోళ్ళకు అధికమాసం గిధికమాసం ఏం తెల్దు. డెబ్బై అయిదు వస్తాది. తీసుకో, ముందు గండం గట్టెక్కు."

"వాళ్ళకు తెల్దు సార్, నాకు తెల్సింది కదా. ఆగస్టులో అరవై చీరలు పోవు. పోతాయని తీసుకుంటే మీకు కట్టేదానికి ఉండదు. అప్పుడు మా చిన్నాయన వాకిట్లోకి వస్తాడు."

"లిమిట్ తగ్గిస్తారమ్మా."

"తగ్గించనీ."

ఆయన నా ముఖం చూసి, లోపలికి పోయి కాగితాలు తెచ్చిచ్చారు. నేర్పినందుకు నాకే తగిలింది అన్నారు. కోపంగా కాదు.

ఏప్రిల్ 3

కొత్త బడ్జెట్టుకు యాభై వేలే ఇచ్చారు. రెండు నెలలు వరసగా నష్టం. మేనేజరు కుర్చీ చూపించలేదు. నాయన వేలిముద్ర పక్కన నా సంతకం నిలబడే పెట్టాను. కాళ్ళు బాగానే ఉన్నాయి.

సాయంత్రానికి వీధంతా పాకింది. చిన్నాయన మా అరుగు మీదకే వచ్చాడు.

"వస్తాండే దుడ్లు వద్దని, నష్టం రాసుకోని పోయిన ఆడదాన్ని నిన్నే చూసినా. ఎవురన్నా నోటితో పిలుచుకుంటారా నష్టాన్ని?"

"నేను పిలవకపోయినా వచ్చేదే కదా చిన్నాయనా. ఎప్పుడొస్తాదో తెల్సుకున్నా, అంతే."

"ఆషాఢంలో, అధికంలో ఊరంతా మగ్గాలు ఆపుతాది. నువ్వు ఆపితే మజూరి లేదు. మజూరి తప్పితే మాట మాటే."

"నేను ఆపను" అన్నాను.

అనేశాను. ఎట్లా ఆపకుండా ఉంటానో అప్పటికి నాకు తెలియదు.

ఏప్రిల్ 23, బళ్ళారి నుంచి వచ్చాక

విడపనకల్లు మేనత్త పుణ్యం. ఆమె బతికి ఉన్నప్పుడు అధికమాసం వస్తే చాలు, కూతురికి పెట్టాలి, తేలికది ఒకటి ఇయ్యప్పా అని నాయన ప్రాణం తీసేది. బళ్ళారి వైపు ఆ నెలలో కూతురినీ అల్లుడినీ పిలిచి, భోజనం పెట్టి, బట్టలు పెడతారు. ముహూర్తం చీర కాదు, సన్నంచు చీర, చవకది. మాకు శూన్యమైన నెల వాళ్ళకు ఇచ్చిపుచ్చుకునే నెల. ఇన్నేళ్ళూ అది మేనత్త సతాయింపు అనుకున్నామే తప్ప అక్కడొక ఊరికి ఊరు కొనేవాళ్ళుంటారని తోచలేదు.

కుళ్ళాయప్పతో సన్నంచు చీరలు నాలుగు నేయించి, మూట కట్టుకుని ఇద్దరం రైలెక్కాం. అయిదు అంగళ్ళు తిరిగాం. రెండింట్లో, "పెద్దోళ్ళెవరూ రాలేదా?" అన్నారు. నేనే పెద్దదాన్ని అన్నాను. ఒక అంగడాయన చీర వేళ్ళతో నలిపి చూసి, బాగుండాది, దుడ్లు మాత్రం అమ్మినాక అన్నాడు. సగం సరుకు దించినప్పుడే అన్నాను. లేచాను కూడా. కూర్చోమ్మా అన్నాడు.

ఆయన ఒక్కడే. ఇంకెవరూ తీసుకోలేదు. ఆయన తీసుకునేది ఎనిమిది మగ్గాలకు సరిపోతుంది. మిగతా నాలుగు మగ్గాలు శ్రావణం పెళ్ళిళ్ళకు ముందే నేసి పెట్టుకోవాలి. ఇదంతా వేసి చూసినా నష్టమే. కానీ తగ్గింది. నాలుగు వేల లోపు.

రాసి పెట్టాను.

జూన్ 22, శనివారం

ఆషాఢం వచ్చింది. వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చిన్నాయనవి ఇరవై మొన్ననే ఆగాయి. ఏటా ఉండేదే, నేతగాళ్ళు కూలికి పోతారు, కరువులో కూలి కూడా లేక ఇంట్లో కూర్చుంటారు. దాన్ని ఎవరూ నష్టం అనరు. ఆషాఢం అంటారు.

మా షెడ్డు మాత్రం ఆడుతోంది. మావాళ్ళకు సన్నంచు చీరలు నచ్చలేదు. "పెళ్ళి చీరలు నేసిన చేతులు పాపా ఇవి. కూరగాయలమ్మినట్ల ఉండాది" అన్నాడు కుళ్ళాయప్ప. శనివారం మజూరి వస్తే కూరగాయలైనా పర్వాలేదు అన్నాను. మజూరి ఎంచుకుని, సరే నీ ఇష్టం అని పోయాడు.

జూలై 6

వాన లేదు. నీళ్ళ బండివాడు డ్రమ్ముకు ధర పెంచాడు. నా నీళ్ళ వరస చాలడం లేదు.

జూలై 13, శనివారం

ఇచ్చాం.

జూలై 20, శనివారం

బళ్ళారి డబ్బు రాలేదు. మొదటి మూటకు సగం ఇచ్చాడు, రెండో మూట దించుకుని వచ్చే వారం అన్నాడట. పొద్దున్న పదింటికి పెట్టెలో చూసుకుంటే మజూరికి సగమే ఉంది. చిన్నాయన ఎదురింటి అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చున్నాడు. ఆయన పేపరు చదవగా నేనెప్పుడూ చూడలేదు.

రాకపోతే అని యేసన్న గారు రాయించిన వరస ఉంది కదా, ఆ డబ్బు విడిగా మూట కట్టి బీరువాలో పెట్టాను. ఏప్రిల్ నుంచి ఎన్నిసార్లు దాని మీద చెయ్యి పోయిందో, ఎన్నిసార్లు వెనక్కి తీసుకున్నానో నాకే తెలుసు. విప్పాను. నాయనను పట్టుకొచ్చి అరుగు మీద కూర్చోబెడితే ఒక్కొక్కరికీ ఎడమ చేత్తో ఇచ్చాడు. చిన్నాయన పేపరు మడుచుకుని లేచి పోయాడు.

యేసన్న గారు చెప్పినంతా రాసి ఉంటే ఇంకో రెండు వారాలు నిశ్చింతగా ఉండేదాన్ని. నాతో నేను బేరమాడి సగం రాశాను.

జూలై 27, శనివారం

ఇచ్చాం. మూట ఖాళీ. నిండుకుంది అనను. ఖాళీ.

ఆగస్టు 1

కుళ్ళాయప్ప బళ్ళారి పోయి అంగడి ముందే కూర్చున్నాడట, నిన్నటి నుంచి.

ఆగస్టు 2

తెచ్చాడు. అంతా తేలేదు, రెండు శనివారాలకు సరిపడా తెచ్చాడు. "ఏమప్పా, ఆయమ్మ శనివారం శనివారం అంటాది, శని పట్టినట్టుండాది నాకు" అన్నాడట అంగడాయన. నన్ను ఇంతకంటే బాగా ఎవరూ పొగడలేదు.

ఆగస్టు 17, శనివారం

ఈరోజుతో అధికం పోయి అసలు శ్రావణం వచ్చింది. పొద్దున్నే హిందూపురం నుంచి పెళ్ళివారు వచ్చి ముందే నేసి పెట్టిన చీరల్లో తొమ్మిది తీసుకున్నారు. మిగతా వీధి ఇంకా మగ్గాలకు పడుగు పోగులు ఎక్కించుకుంటోంది.

మజూరి వేళకు చిన్నాయన వచ్చాడు. ఈసారి పేపరు లేదు. అందరికీ ఇవ్వడం అయ్యేదాకా నిలబడి చూశాడు.

"నష్టం వచ్చిందంట కదా" అన్నాడు.

"వచ్చింది చిన్నాయనా. రాసినదానికన్నా రెండు నూర్లు ఎక్కువే వచ్చింది, నీళ్ళ దెబ్బకు."

"రాస్తే వస్తాదని చెప్పినానా లేదా?"

"నీకెంత వచ్చింది?"

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి మానుకున్నాడు. దాచడం కాదు. ఆయనకు తెలియదు. రెండు నెలలు ఇరవై మగ్గాలు ఆపుకుని, ఎంత పోయిందో తెలియకుండా కూర్చున్నాడు. ఆయన నేతగాళ్ళు ఇద్దరు అప్పటికే మా అరుగు మీద కూర్చుని ఉన్నారు, ఇక్కడ మగ్గం ఖాళీ ఉందా అని అడగడానికి. వాళ్ళను ఆయన చూశాడు, నేనూ చూశాను.

"పెద్దమనుషుల కాడ మాట అట్లే ఉండాది, మర్చిపోవద్దు" అని పోయాడు. ఉండనీ. శనివారాలు కూడా ఉన్నాయి.

ఆగస్టు 25

గోరంట్ల నుంచి మళ్ళీ వచ్చారు, తిరిగి రమ్మని. ఈసారి కాఫీ ఇచ్చి పంపాను. వీధి మలుపు దాటిందాకా చూసి మరీ లోపలికి వచ్చాను.

సెప్టెంబరు 9

అర్ధ సంవత్సరం బడ్జెట్టు సరిచేసి ఇవ్వమని బ్యాంకు అడిగింది. ముందు పంచాంగం, తర్వాతే గడులు. నీళ్ళు పెంచాను. రాకపోతే అన్న వరస ఈసారి యేసన్న గారు చెప్పినంతా రాశాను. జీతాల వరస దగ్గర ఆగిపోయాను. కుళ్ళాయప్ప, మిగతా పదకొండు మంది, కండెలు చుట్టే ఆడవాళ్ళు, రంగు వేసే మనిషి. అందరూ ఉన్నారు.

గోరంట్లలో ఆరేళ్ళు అత్తగారివాళ్ళ బట్టల అంగట్లో కూర్చున్నాను. పొద్దున తాళం తీసింది నేను, రాత్రి వేసింది నేను. నాకు ఏమీ లేకుండా పంపేటప్పుడు, తిన్నావు కదా అన్నారు. ఇక్కడ నాయన పడిపోయినప్పటి నుంచి అదే చేస్తున్నాను. అది వాళ్ళ అన్యాయం అనుకున్నాను గానీ, నా చేత్తో రాసిన రెండు బడ్జెట్లలోనూ నేనే నన్ను వదిలేశాను.

జీతాల వరస కింద ఇంకో పేరు చేర్చాను. భద్రమ్మ. వారానికి అరవై.

సెప్టెంబరు 11

చిన్నాయనకు ఎవరు చెప్పారో. "పుట్టింట్లో జీతం తీసుకునే ఆడబిడ్డ యాడన్నా ఉండాదా?" అని సంఘంలో అందరి ముందూ అడిగాడట. ఉందని చెప్పి పంపాను.

సెప్టెంబరు 14, శనివారం

మజూరి వేళ నేను పేర్లు చదువుతుంటే నాయన ఇస్తూ పోయాడు. కుళ్ళాయప్ప తీసుకున్నాడు. మిగతావాళ్ళు తీసుకున్నారు. చివరికి నా పేరు నేనే చదివి, పుస్తకం మూసి, అరుగు దిగి, వాళ్ళు నిలబడిన చోటే నిలబడి చెయ్యి చాపాను.

  నాయన తల వంచుకుని, ఎడమ చేత్తో ఒక్కొక్క నోటూ తీసి ఎంచి నా చేతిలో పెట్టాడు. నేతగాళ్ళు ఎవరూ ఎంచుకోకుండా కదలరు. నేనూ ఆయన ముందే నిలబడి మళ్ళీ ఎంచుకున్నాను. సరిగ్గా ఉంది.